ఆవిడ రాసిన గోదావరికి నేను తీసిన సాపు

పదకొండేళ్లు నేను ఒక అమెరికా ఆవిడ చేతిరాత చదివాను. ఆవిడ అక్కడ పెన్సిల్‌తో సంగీతం రాసేది, నేను ఇక్కడ రాజమండ్రిలో దాన్ని కంప్యూటర్‌లో సాపు తీసేదాన్ని. ఆర్కెస్ట్రాకి రాసిన సంగీతం అంటే ఒక కాగితం కాదు. అందరి స్వరాలూ బార్లు అనే చిన్న చిన్న గడుల్లో కలిపి రాసిన ఒక పెద్ద పుస్తకం ఉంటుంది, దాన్ని స్కోరు అంటారు. అందులోంచి మళ్లీ వయొలిన్‌కి వయొలిన్ కాగితాలు, ఫ్లూట్‌కి ఫ్లూట్ కాగితాలు విడదీయాలి. పేజీ తిప్పాల్సిన చోట వాయించేవాళ్ల చెయ్యి ఖాళీగా ఉంటుందో లేదో చూసుకోవాలి. ఇలాంటి పని చేసేవాళ్ల పేరు ఎక్కడా వేయరు. వేయమని నేనూ ఎప్పుడూ అడగలేదు.

మా నాన్న చర్చిలో ఆర్గన్ వాయించేవారు. మా తాతకి మిషను బడిలో దొరలు నేర్పారు, తాత నాన్నకి నేర్పారు, నాన్న నాకు నేర్పారు. ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి మా ఇంట్లో మూడు తరాల నాటిది. గుణింతాలూ ఆ ఐదు గీతలూ నేను ఒకే వేసవిలో నేర్చుకున్నాను. పెద్దయ్యాక ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచర్‌గా చేరాను. యాన్యువల్ డేకి పిల్లల చేత కీబోర్డు మీద సినిమా పాటలు వాయింపించడం అక్కడ నా ఉద్యోగం. స్వరాలు కంప్యూటర్‌లో ఎక్కించే సాఫ్ట్‌వేర్ మాత్రం మా చర్చి పాటల బృందం కోసం సొంతంగా నేర్చుకున్నాను. ఇంటర్నెట్‌లో ఆ పని ఇచ్చేవాళ్లుంటారని ఎవరో చెబితే పేరు నమోదు చేసుకున్నాను. ఏడాది తిరక్కుండా ఆవిడ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది.

మొదట పంపింది ఒక క్వార్టెట్. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో, నలుగురు కూర్చుని వాయించేది. వయోలా అంటే వయొలిన్‌కి అక్కలాంటిది, కాస్త పెద్దది, గొంతు కాస్త కిందికి ఉంటుంది; చెలో ఇంకా పెద్దది, గొంతు ఇంకా కిందికి. ఏడో పేజీలో ఆవిడ వయోలాకి ఒక స్వరం రాసింది. ఆ స్వరం ఆ వాద్యంలో లేదు. దాని ఆఖరి తీగ అంత కిందికి పలకదు. అమెరికాలో పేరున్న మనిషికి తప్పు చూపించడమా అని రెండు రోజులు ఆగాను. చివరికి భయపడుతూనే రాశాను. ఆ రోజే జవాబు వచ్చింది.

"ఇన్నేళ్లుగా రాస్తున్నాను, ఇంత సిగ్గుమాలిన తప్పు చేశాను. ఇక నుంచి నా పనంతా నువ్వే చెయ్యి."

ఇంగ్లీషులో నువ్వు, మీరు అని రెండు లేవు. నేను మాత్రం ఆవిడ మాటల్ని మొదట్నుంచీ 'నువ్వు' అనే విన్నాను. వయసులో నాకంటే పాతికేళ్లు పెద్ద, అందులో తప్పేమీ అనిపించలేదు.

వారానికోసారి వీడియో కాల్‌లో మాట్లాడుకునేవాళ్లం. మాకు సాయంత్రం, ఆవిడకి పొద్దున్న. పని సంగతులు అయిపోయాక కబుర్లలో పడేది. వాళ్ల నాన్న బస్సుల మెకానిక్. ఇంట్లో పియానో కొనే స్తోమత లేదు. స్కూలు బేస్‌మెంట్‌లో మూడు మీటలు పలకని పాత పియానో ఒకటి ఉంటే, ఆ మూడు స్వరాలూ మనసులో అనుకుంటూ దాని మీదే సాధన చేసింది. కాలేజీలో సంగీతం రాయడం నేర్పే క్లాసులో తనొక్కతే ఆడపిల్ల. మొదటి ఏడాది చివర్లో ప్రొఫెసర్ ఆవిడ కాగితాలు తిరగేసి, "పనితనం బాగుంది. కానీ ఇందులో నువ్వెక్కడున్నావు? ఇదంతా మగవాళ్ల సంగీతం. జోలపాటలాంటిదేదైనా రాసుకురా" అన్నాడట. యాభై ఏళ్ల తర్వాత కూడా ఆవిడ ఆ మాటని ప్రొఫెసర్ గొంతు అనుకరిస్తూ నాకు చెప్పింది.

ఆ తర్వాత ఇరవయ్యేళ్లు రాసినవన్నీ సొరుగులో పెట్టుకుంది. పిల్లలకి పియానో చెబుతూ, చర్చిలో వాయిస్తూ బతికింది. యాభై దాటాక గానీ ఆవిడ సంగీతాన్ని ఒక పెద్ద ఆర్కెస్ట్రా ముట్టుకోలేదు. నేను పనిలో చేరేనాటికి పేరు వచ్చేసింది, పేపర్లలో ఫొటోలు పడుతున్నాయి. అయినా తెల్లవారుజామునే లేచి, వంటింటి బల్ల మీద కూర్చుని, మధ్యాహ్నం దాకా పెన్సిల్‌తో రాసేది. రబ్బరుతో ఎంత చెరిపేదంటే కొన్ని చోట్ల కాగితం చిరిగిపోయేది. ఆ చిరుగుల వెనక్కి తెల్ల కాగితం అతికించి స్కాన్ చేసి పంపేది. మూడోసారి చెరిపి రాసిన స్వరం కింద రెండోసారి రాసింది మసగ్గా కనిపించేది. ఆవిడ ఎలా ఆలోచించిందో ఎక్కడ వెనక్కి తగ్గిందో నాకు తెలిసిపోయేది. ఏ కాలేజీలోనూ నేర్పని చదువు నాకు అలా వచ్చింది. డబ్బు విషయంలోనూ, మర్యాద విషయంలోనూ ఆవిడ ఎప్పుడూ నన్ను చిన్నచూపు చూడలేదు. ఆవిడంటే నాకు గౌరవం అంటే సరిపోదు. ఆవిడ ఒక్క మంచి మాట అంటే వారమంతా అదే తలుచుకునేదాన్ని.

అలా నాలుగైదేళ్లు గడిచాక నేనూ ఒక క్వార్టెట్ రాయడం మొదలుపెట్టాను. పొద్దున్నే క్యారియర్లు సర్దేసి, స్కూలు బస్సు వచ్చేలోపు ఉండే ముప్పావు గంట నాది. మూడేళ్లు పట్టింది. రెండో భాగంలో వయోలా ఒక్కతే మొదలుపెట్టే ఒక పాట ఉంది. అది మా నాన్న పోయిన ఏడాది నాకు తట్టింది. నేను రాసినవాటిలో అదొక్కటే నాకు పూర్తిగా నచ్చినది.

అంతా అయ్యాక ఒక ఆదివారం కంప్యూటర్‌లో పెట్టుకుని వింటున్నాను. మావారు ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తా. కాఫీ గ్లాసు పట్టుకుని గదిలోకి వచ్చారు.

"ఏంటది, మీ మేడం గారిదా?"

"కాదండి, నాది."

"నీదంటే?"

"నేను రాశాను."

ఆయన నిలబడి కాసేపు విన్నారు. కంప్యూటర్ వాయిస్తే వయొలిన్ కూడా కారు రివర్స్ తీసేటప్పుడు వచ్చే మోతలా ఉంటుంది. "బాగానే ఉంది గానీ, పాట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగారు. ఆయన తప్పేం లేదు. రాజమండ్రిలో వయోలా వాయించే మనిషి లేడు. నేను కూడా ఆ వాద్యాన్ని ఇంతవరకూ కళ్లారా చూడలేదు.

అందుకే ఆవిడకి పంపాను. వినగలిగేది, చదవగలిగేది నాకు తెలిసినవాళ్లలో ఆవిడ ఒక్కతే. ఇరవై రోజులు జవాబు లేదు. ఈలోగా పని మెయిల్స్ మాత్రం వస్తూనే ఉన్నాయి. తర్వాత ఒక రోజు పెద్ద ఉత్తరం రాసింది. పనితనం అద్భుతం అంది, ఒక్క తప్పు లేదంది. చివర్లో ఇలా రాసింది: "కానీ ఇందులో నువ్వు వినపడటం లేదు. ఇది యూరప్ సంగీతం. అంత గొప్ప నది పక్కన పుట్టావు, నీ జనం పాటలు ఎక్కడ?"

నేను ఉక్రోషం దిగమింగుకుని జవాబు రాశాను. మా ఇంట్లో పాటలంటే ఇవేనండి, నేను ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ విన్నది ఆర్గనే, మా తాత కూడా ఈ ఐదు గీతలే చదివేవారు అన్నాను. ఆవిడ వెంటనే బదులిచ్చింది. "అదే నాకు బాధ కలిగిస్తోంది. మీ దగ్గర్నుంచి ఏం లాగేసుకున్నారో చూడు. ఇంకా లోతుకి వెళ్లు." నాన్న నాకిచ్చిన చదువు ఆవిడ లెక్కలో నా దగ్గర్నుంచి ఎవరో లాగేసుకోవడమని ఆ రోజు నాకు తెలిసింది.

ఏడాది తర్వాత ఆవిడకి గోదావరి మీద పెద్ద ఆర్కెస్ట్రా రచన చేసే అవకాశం వచ్చింది. నా వల్లే ఆ ఆలోచన కలిగిందని ఎంతో సంతోషంగా చెప్పింది. సంక్రాంతి సెలవులు అయిపోయిన వారంలో మూడు రోజులకి రాజమండ్రి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు, చేతిలో చిన్న రికార్డరు. స్టేషన్‌లో దిగగానే నన్ను గట్టిగా కౌగిలించుకుంది. కెమెరాలో చూసినదానికంటే చాలా చిన్న మనిషి.

మొదటి రోజు ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గేట్ల కింద నీటి చప్పుడు రికార్డు చేసుకుంది. రెండో రోజు లాంచీ ఎక్కించాను. లాంచీ నడిపే సరంగు స్పీకర్లో పాటలు పెట్టాడు, ఆపమంటే ఆపాడు, ఆపాక ఇంజను మోత తప్ప ఏమీ లేదు. మూడో రోజు ఆవిడ నాట్లు వేసే ఆడవాళ్ల పాట కావాలంది. అలా పాడటం చాలా మటుకు పోయిందండి అని ముందే చెప్పాను. అయినా కారు మాట్లాడి రావులపాలెం అవతల ఒక ఊరికి తీసుకెళ్లాను. దాళ్వా, అంటే రెండో పంట నాట్లు పడుతున్నాయి. పది పన్నెండు మంది ఆడవాళ్లు వంగి నాటుతున్నారు. ఒకామె జాకెట్‌లో ఫోను పెట్టుకుంటే అందులోంచి సినిమా పాట వస్తోంది.

నేను గట్టు మీద నిలబడి సంగతి చెప్పాను. వాళ్లు నడుములు ఎత్తి నవ్వుకున్నారు. చివరికి అందరిలోకీ పెద్దావిడ, బురద చేతులు పక్కకి పెట్టుకుని, కళ్లు మూసుకుని పాడింది. రెండో చరణానికి మిగతావాళ్లలో నలుగురు అందుకున్నారు.  అది మా చర్చిలో నాన్న ఆర్గన్ మీద వాయించిన పాట. దాని వరస ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చింది, మాటలు తెలుగు. కానీ ఆ పొలంలో, ఆ గొంతుల్లో, అది ఎక్కడికో వెళ్లిపోయింది. మూడు వందల ఏళ్ల కిందట అక్కడే మొలిచినట్టుంది.

ఆవిడ రికార్డరు ఆపేసి నా చెవిలో చెప్పింది. "ఇది నాకు తెలుసు. మా ఊళ్లోనూ పాడతారు. ఇంతకంటే పాతది, వీళ్ల సొంతది, ఏదైనా ఉందేమో అడుగు."

అడిగాను. పెద్దావిడ నా వంక తేరిపార చూసింది. "ఇది మాదేనమ్మా. మా అమ్మ పాడేది. దొరసానమ్మకి ఇంకేం గావాలంట?"

నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేదు. గుర్తు లేదంటున్నారండి అని చెప్పేశాను.

తిరిగొస్తుంటే రావులపాలెం సెంటర్లో అరటి గెలల లారీల మధ్య కారు ఇరుక్కుపోయింది. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. "ఈ పని నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది. నా దగ్గర ఏమీ లేదు. నీటి చప్పుడు తప్ప ఏమీ లేదు" అంది. కళ్లు తుడుచుకుంది. కాసేపటికి నా వైపు తిరిగి, "మీ ఇంట్లో ఎవరూ పాడేవారు కాదా? మీ అమ్మ, మీ నాన్నమ్మ?" అని అడిగింది.

"మామ్మ పాడేది" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. జాలి ఉంది. ఆ పెద్దావిడ పాటని పక్కన పెట్టేసినందుకు కోపమూ ఉంది. నా పాట ఎవరో ఒకరు వినాలన్న ఆశ కూడా ఉండే ఉంటుంది. నా క్వార్టెట్ రెండో భాగంలో వయోలా పాటని తాళం తీసేసి, స్వరాల మధ్య కాస్త సాగదీసి, హారన్ల మోతలో మెల్లగా కూనిరాగం తీశాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. "మళ్లీ పాడు" అంది. రికార్డరు పెట్టింది. మళ్లీ పాడాను.

"మాటలేవి?"

"మర్చిపోయానండి."

"ఎప్పుడు పాడేది ఇది?"

"వడ్లు ఎండబెట్టేటప్పుడు."

ఆవిడ ఏడ్చింది. అదే పాట ఏడాదిగా ఆవిడ కంప్యూటర్లో ఉంది. పోల్చుకుంటుందేమో, నవ్వి నా వీపు మీద ఒక్కటి చరుస్తుందేమో అని చూశాను. పోల్చుకోలేదు. మా మామ్మ మిషను ఆసుపత్రిలో నర్సు. ఎండబెట్టుకోవడానికి మాకు ఎప్పుడూ సెంటు పొలం లేదు. నేను పుట్టకముందే జ్వరంతో మామ్మ చెవులు దెబ్బతిన్నాయి, అందుకని చర్చిలో కూడా నోరు కదిపేది కాదు.

ఎనిమిది నెలల తర్వాత పేజీలు రావడం మొదలైంది. నలభై నిమిషాల రచన. మూడో భాగంలో ఆర్కెస్ట్రా అంతా ఆగిపోతుంది, ఒక్క వయోలా నా పాట ఎత్తుకుంటుంది. తర్వాత చెలోలు, తర్వాత తీగలన్నీ. ఒప్పుకోవాలి, ఆవిడ చేతిలో అది బాగుంది. నేను ఎనిమిది సార్లు చెప్పినదాన్ని ఆవిడ మూడు సార్లే చెప్పింది. పేజీ పక్కన పెన్సిల్‌తో రాసి ఉంది: "గోదావరి డెల్టా స్త్రీల సంప్రదాయ గీతం. రచన ఎవరిదో తెలియదు." ఆ వాక్యం కూడా నేనే టైపు చేశాను. అక్షరాల సైజు సరిగా ఉందో లేదో రెండు సార్లు చూసుకున్నాను.

అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే నేను అబద్ధమాడానని ఒప్పుకోవాలి. ఆవిడ ఆ భాగం మొత్తం కొట్టేస్తుంది, లేదా పని నా చేతిలోంచి పోతుంది. ఇవన్నీ ఆలోచించాను. వీటి వెనక ఇంకొకటి ఉంది. ఎనభై మంది కూర్చుని నా పాట వాయిస్తే వినాలని ఉంది.

విన్నాను. ఇంటర్నెట్‌లో నేరుగా చూపించారు; వాళ్లకి రాత్రి కచేరీ, మాకు పొద్దున్న ఆరు గంటలు. మావారు కూడా లేచి వచ్చి పక్కన కూర్చున్నారు. వాయించే ముందు ఆవిడ స్టేజీ మీదికి వచ్చి మాట్లాడింది. చదువు రాని ఒక ముసలమ్మ ఎండలో వడ్లు తిరగేస్తూ పాడుకున్న పాట, మనవరాలి గొంతులోంచి తన దాకా వచ్చిందని చెప్పింది.  మావారు నా వంక తిరిగి, "చదువు రాకపోవడమేంటి? ఎవరి గురించి చెబుతోంది ఈవిడ?" అన్నారు. నేను కంప్యూటర్ సౌండు పెంచాను. వయోలా మొదలయ్యాక ఆయనే మెల్లగా, "ఇది నువ్వు ఆ రోజు పెట్టుకున్నది కదూ?" అన్నారు. గుమాస్తా, సంగీతం రాదు, కాఫీ గ్లాసుతో నిలబడి విన్నది ఒక్కసారి. ఆయన పోల్చుకున్నారు.

ఆ వారం కాల్‌లో చెప్పేశాను. మా మామ్మ నర్సండి, ఆవిడకి చెవులు వినపడేవి కాదు, ఆ పాట నేను రాశాను, మీకు పంపిన క్వార్టెట్‌లో రెండో భాగం, నలభై ఒకటో బార్ దగ్గర చూడండి అన్నాను. అబద్ధం చెప్పినందుకు క్షమించమని అడిగాను. 

"నువ్వు అలా అనుకుంటున్నావు" అంది ఆవిడ. "అలాంటి పాటలు ఒక మనిషి రాసేవి కావు. ఎవరో పాడగా విని ఉంటావు. నీకు గుర్తులేదు, అంతే."

"కాదండి. నాన్న పోయిన ఏడాది రాశాను. దిద్దిన కాగితాలు కూడా ఉన్నాయి."

"నీ క్వార్టెట్ నేను చదివాను. అందులో ఇది లేదు."

"ఉందండి. మీరు వినలేదు. మీ ప్రొఫెసర్ మిమ్మల్ని అన్నమాటే మీరు నన్ను అన్నారు."

"అది వేరు" అంది. నెట్ సరిగా లేదని పెట్టేసింది.

రెండు వారాల తర్వాత మెయిల్ వచ్చింది. నలభై ఒకటో బార్ చూసింది. పోలిక ఉన్న మాట నిజమేనట. "నీకు తెలియకుండానే నీ క్వార్టెట్‌లో కూడా ఆ పాత పాట వచ్చి చేరింది. ఎంత అందమైన సంగతి! నీ నేల నిన్ను వదల్లేదు" అని రాసింది. దాన్ని నేను నాలుగైదు సార్లు చదివాను. అందులో మోసం లేదు. ఆవిడ నిజంగానే నమ్మింది. దొంగతనమైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. అంత మంచి పాట నేను రాయగలనన్నది ఆవిడకి ఊహకే అందలేదు. పదకొండేళ్లు ఆవిడ వయోలా తప్పులు దిద్దిన చెయ్యి అది.

తర్వాత కూడా ఒక రచన సాపు తీశాను. ఆవిడ పని ఇవ్వడంలో తేడా రాలేదు. కాల్స్ మాత్రం తగ్గాయి. పోయిన వేసవిలో ఆవిడ మళ్లీ మెయిల్ పెట్టింది. చేతులు వణుకుతున్నాయట, బహుశా ఇదే చివరి పెద్ద రచన అంది. ఒక్క గొంతుకి, తీగ వాద్యాలకి రాస్తోందట. "మీ మామ్మ పాటలు ఇంకేమైనా గుర్తొస్తాయా?" అని అడిగింది.

ఇంకొకటి పాడి పంపడం నాకు కష్టం కాదు. అప్పటికి నా బల్ల మీద కొత్త పని సగం అయి ఉంది. అందులో ఒక పాట ఆవిడకి సరిగ్గా సరిపోయేది. పంపితే వాళ్ల పెద్ద హాళ్లలో మోగేది, నేను పొద్దున్నే లేచి వినేదాన్ని. మూడు రోజులు ఆ ఆశతో పెనుగులాడాను. నాలుగో రోజు స్కూల్లో స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని ఫోన్‌లోనే జవాబు కొట్టాను. పాటలేమీ లేవండి, ఇకమీదట మీ పని కూడా నేను చేయలేను, ఇన్నాళ్లూ నేర్పినందుకు రుణపడి ఉంటాను అని రాశాను. చివరి ముక్క నిజమే, అందుకే తీసేయలేకపోయాను.

ఆవిడ మర్యాదగా ఒప్పుకుంది. ఫిలిప్పీన్స్‌లో ఒకమ్మాయి దొరికిందని, చాలా చురుకైనదని, ఫైళ్లన్నీ ఆమెకి పంపమని రాసింది. పంపాను. చిరుగులున్న చోట కింద మసగ్గా కనిపించే స్వరాన్ని వదిలేసి పైదే తీసుకోవాలని, వయోలా కింది స్వరాలు మాత్రం ఒకటికి రెండు సార్లు చూసుకోవాలని ఆ అమ్మాయికి ఒక నోటు కూడా రాసి పెట్టాను.